వసారాలో మంచుపెట్టె

నూనె కాగింది, గారె వేశాను, వేలు చుర్రుమంది, చుర్రుమననీ, ఇవాళ నా ఒంట్లో కాలనిదేముంది కనక. కిటికీ ఊచల్లోంచి మెడ సాచి చూస్తే పడమటి వసారా చివర ఆ తెల్ల థర్మోకోల్ పెట్టె మూల ఒకటి కనిపిస్తోంది, దానికి జానెడు దూరంలో ఎండ. పొద్దున్న నాగసాయి దాన్ని అక్కడ పెట్టినప్పుడు అంతా నీడే. పడమటి వసారాలో పొద్దున్న నీడ కాక ఏముంటుంది, మధ్యాహ్నం ఏమవుతుందో ఆలోచించేవాడైతే నా మొగుడెందుకవుతాడు. భోక్తలు రాకముందే కారొస్తుంది, పెట్టె వెళ్ళిపోతుంది, దాని పీడ వదులుతుంది అన్నాడు. కారు రాలేదు. కాలవ వంతెన మీద కొబ్బరికాయల లారీ అడ్డం తిరిగిందని డ్రైవరు ప్రకాష్ ఫోను చేశాడు, అప్పటికింకా నేను తల మీద నీళ్ళు పోసుకోలేదు, ఫోను ముట్టుకోదగ్గ మనిషినే. ఇప్పుడు మడిచీర కట్టుకుని, తడిజుట్టు కొస ముడి వేసుకుని, మా మావయ్యగారి తద్దినానికి గారెలు వేస్తున్నాను. ఫోను నడవ గూట్లో ఉంది, పెట్టె వసారాలో ఉంది, రెంటికీ నాకూ మధ్య గోడ కూడా లేదు. ముట్టుకున్నానా, మడి పోయింది, వంటంతా పారబోసి మళ్ళీ స్నానం, మళ్ళీ పొయ్యి, అక్కడ ఆకుల ముందు భోక్తలు, ఆ భోక్తల రూపంలో ఏడాదికోసారి వచ్చి కూర్చునే మావయ్యగారు. ఆయన పస్తు లేచి వెళ్ళిపోతారు. నేను గారె తిరగేశాను.

పెట్టెలో ఏముందిరా అని అత్తయ్యగారు అడిగితే కాలేజీ సామాను అన్నాడు నాగసాయి. పితృదేవతలు దిగే పూట, నూతి నీళ్ళతో గడపగడపా కడిగిన ఇంట్లో, ఉల్లిపాయ వాసన కూడా ఎరగని వసారాలో, అల్లవరం పాయలో పట్టిన మండపీతల కళ్ళున్నాయని ఏ నోటితో చెప్పను. అందరూ శ్రీవైష్ణవులే బుట్టలో రొయ్యలు మాయం అని సామెత, మా ఇంట్లో అదీ కాదు, బుట్ట అలాగే ఉంది, చూసినవాళ్ళే లేరు. కళ్ళంటే కళ్ళు కావు, కంటి కాడలు. పీత కన్ను మొహంలో ఉండదు, కాడ చివర ఉంటుంది, ఆ కాడలోపల ఆవగింజలో సగం లేని గ్రంథి. ఎప్పుడు తినాలి, ఎప్పుడు తిండి మానాలి, ఎప్పుడు పాత పెంకు వదిలి కొత్త ఒళ్ళు చేసుకోవాలి, అన్నీ ఆ గ్రంథి పంపే కబుర్లే. ఆ కబుర్లనే మేం న్యూరోపెప్టైడ్లు అంటాం. పీత చచ్చిన మరుక్షణం నుంచి పక్కనే ఉన్న ఎంజైములు వాటిని ముక్కలుముక్కలు కొయ్యడం మొదలెడతాయి, కొయ్యకుండా ఆపేది ఒక్క గడ్డకట్టించే చలే. అందుకే కాకినాడ నుంచి డ్రై ఐస్ తెప్పించి, గొట్టాలన్నీ అందులో పాతిపెట్టి, మూత చుట్టూ టేపు వేశాను. ఎండ తగిలితే డ్రై ఐస్ గాలై పోతుంది. పోతే గొట్టాలు కరుగుతాయి. కరిగితే హైదరాబాదులో ఆ కోట్ల రూపాయల మాస్ స్పెక్ట్రోమీటరు నా పీతల కబుర్లు చదవదు, తుక్కు తూస్తుంది.

తుక్కే అని ఇదివరకోసారి అన్నారు కూడా. తిండి మానేసిన పీతల్లో, పెంకు వదలబోయే పీతల్లో మాత్రమే, యంత్రం గీసిన పటంలో ఒక బరువు దగ్గర నిటారుగా గీత లేచింది, ఏ పట్టికలోనూ లేని బరువు, నేను చూసిన రోజు అమలాపురం బస్టాండులో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అది నాది. ఎవరూ చూడనిది నేను చూశాను. నలభై దాటాక, రోజంతా పిల్లకాయలకి కప్ప గుండెకాయ బొమ్మలు గీసి చూపించాక, ఇంటికొచ్చి మడి, తడి, పప్పు, పులుసు అయ్యాక, మిగిలిన చారెడు సమయంలో నేను చూశాను. వ్యాసం పంపితే పరిశీలకులు మర్యాదగా తిప్పికొట్టారు. ఇది కొత్త పెప్టైడు కాకపోవచ్చు, నిల్వ సరిగా లేక ఏదో పెద్ద పెప్టైడు విరిగిన ముక్క కావచ్చు, సరిగా గడ్డకట్టించిన నమూనాలతో మళ్ళీ చేసి చూపండి అన్నారు. కావచ్చుట. ఒళ్ళు మండిపోయింది. మండినా, వాళ్ళన్నదాంట్లో అన్యాయం లేదు, మా కాలేజీ ఫ్రీజరుకి కరెంటు వచ్చినప్పుడే చలి, పోయినప్పుడు అదొక బీరువా. ఆ న్యాయమే నన్ను ఎక్కువ మండించింది.

అందుకని ఈసారి పశువుల ఆసుపత్రి మీద పడ్డాను. ఆవులకి సూదులు వేసే సురేష్ దగ్గర ద్రవ నైట్రోజన్ క్యాను ఉంటుంది, ఎద్దు వీర్యం దాచుకునేది, అతన్ని బతిమాలి అది తీసుకుని స్కూటీ కాళ్ళ దగ్గర పెట్టుకుని అల్లవరం తిరిగాను. పీతలు కొనే గంగబాబు కాటా దగ్గర కూర్చోబెట్టాడు. మనిషి మంచివాడు, వేళాకోళం జాస్తి. కళ్ళు మీకూ కండ మాకూ, బాగుంది బేరం అండి, ఈ కళ్ళులేని పీతని చూసి ఎగుమతివాడు నన్ను కళ్ళులేనివాణ్ణంటాడు అనేవాడు, అంటూనే తిండి మానేసిన పీతని పక్కకి తీసి గోనె కప్పి ఉంచేవాడు. పీతని మంచులో పెట్టి, అది మొద్దుబారాక కత్తెర వేసి, కాడని చటుక్కున క్యానులో వెయ్యడం. మొదట్లో నా చెయ్యి వణికేది. ఘనాపాఠీల కోడల్ని, నేను కత్తిరించింది మహా అయితే కందదుంప. తర్వాత వణకడం మానేసింది, మానేసినందుకు కొన్నాళ్ళు బాధపడ్డాను, అదీ మానేశాను. రెండు పంటల కాలం పట్టింది ఆ పెట్టె నిండడానికి. వచ్చే నెలతో ప్రాజెక్టు మూసేస్తున్నారు. యంత్రం మీద నాకిచ్చిన వంతు రేపు పొద్దున్న, మళ్ళీ ఇవ్వరు. ఈ పెట్టె పోతే ఆ గీత పోయినట్టే, నా పేరు మీద లేకపోవడం కాదు, అసలు లేనట్టే.

రేపనుకున్నాను తద్దినం. అదీ నా తెలివి. గోడ మీద క్యాలెండరు చూసి, దశమి రేపు అని రాసి ఉంటే, ఓహో రేపు, అయితే ఇవాళ పెట్టె పంపించేసి రేపు హాయిగా మడి కట్టుకోవచ్చు అనుకుని కారు మాట్లాడుకున్నాను. నిన్న సాయంత్రం పెట్టెకి టేపు వేస్తుంటే అత్తయ్యగారు, పప్పు నానబోసేవా అమ్మాయ్, రేపే కదా అన్నారు. టేపు చుట్ట వదిలేసి పంచాంగం తీశాను. క్యాలెండర్లో రాసేది సూర్యోదయానికున్న తిథి. తద్దినానికి కావలసింది అపరాహ్ణానికున్న తిథి. ఇవాళ మధ్యాహ్నం ఉంది దశమి, రేపు తెల్లారి కాసేపుండి వెళ్ళిపోతుంది. పంచాంగం విప్పకుండా గడప దాటని మా నాన్న కడుపున పుట్టి, వేదం తప్ప వేరే మాట వినపడని ఈ ఇంట్లో మెట్టి, క్యాలెండరు కాయితం నమ్మాను. ఏ పనిపిల్లా చెయ్యదు ఈ తప్పు, వాళ్ళకి తద్దినం రోజు ఎవరో ఒకరు చెప్తారు, నాకు తెలుసు కదా అని నాకెవరూ చెప్పలేదు. నీకు తెలీదా అన్నాడు నాగసాయి.

అవతల హాల్లో అభిశ్రవణం మొదలైంది, భోక్తలు తింటున్నంతసేపూ వాళ్ళ చెవిన వేదం పడాలి. పురోహితుడి గొంతు బాగుంది గానీ మావయ్యగారి గొంతు కాదు. ఆయన ఘన చెప్తుంటే వీధి చివర సైకిలు దిగి నిలబడేవాళ్ళు. ఓ సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఏం చేస్తావమ్మా నువ్వు ఆ యంత్రంతో అని అడిగారు. ఈ ఇంట్లో ఆ ప్రశ్న వేసింది ఆయనొక్కరే. పీతలని చెప్పడానికి తటపటాయించి, చెప్పేశాను. మొహంలో ఏమీ మారలేదు. పెప్టైడు అక్షరాల దండలాంటిదండి, యంత్రం దాన్ని తూస్తుంది, విరగ్గొడుతుంది, విరిగిన ముక్కల్ని మళ్ళీ తూస్తుంది, ముందు నుంచి కొన్ని ముక్కలూ వెనక నుంచి కొన్ని ముక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే అసలు వరస తెలుస్తుందండి అన్నాను. ఆయన తొడ మీద వేళ్ళతో ఏదో లెక్క వేసుకుని, మేమూ అంతే కదమ్మా అన్నారు. పదాన్ని ముందుకీ వెనక్కీ తిప్పితిప్పి చెప్పడం ఎందుకనుకున్నావు, ఎక్కడ అక్షరం జారినా అక్కడే దొరికిపోవడానికి. ఆపైన ఆయనన్నమాట నాకు మాటకి మాట గుర్తుంది.

“ఎవరి నోటిదైతేనేమమ్మా, మాట మాటే. అక్షరం పోనివ్వకు.”

పోతోందండి మావయ్యగారూ. మీ తద్దినం గారెలు వేస్తుంటేనే పోతోంది. ఎండ పెట్టె అంచు ముట్టుకుంది, ఇప్పుడే, నేను చూస్తుండగానే. అత్తయ్యగారు గడప దగ్గర పెరుగు గిన్నె పట్టుకుని నిలబడ్డారు, తెల్లటి మడిబట్ట, ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు, నిన్న రాత్రి నుంచి ఉపవాసం, అయినా ఆ నడుం వంగదు. చూపులు మాత్రం అన్నీ ఇక్కడే, పోపులో మిరపకాయ పడిందా, మిరియమే పడిందా, నా కొంగు ఎక్కడ తగిలింది. ఆవిడతో చెప్పడం కన్నా గోడతో చెప్పుకోవడం నయం, అయినా ఉండబట్టలేక, అత్తయ్యగారూ ఆ పెట్టె మీదకి ఎండ వచ్చేసిందండి అన్నాను. ఆవిడ వసారా వైపు ఓసారి చూసి, నా వైపు చూసి, చేతిలో గిన్నె కింద పెట్టారు.

“భోక్తలు లేచేదాకా ఏదీ ఆగదుటే? ముందు గారెలు చూడు, మాడుతున్నాయి.”

నిజంగానే మాడుతున్నాయి. తీసేశాను. మాడిన గారె భోక్తకి పెట్టకూడదు, పక్కన పడేశాను. ఆవిడకి ఏం తెలుసు. ఏం తెలియాలని నేనెప్పుడైనా అనుకున్నానా, అది వేరే సంగతి. ఎవరినని అడగను ఈ ఇంట్లో. నాగసాయి వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని కూర్చున్నాడు, లేవకూడదు. పురోహితుడు మంత్రంలో ఉన్నాడు. వీరాయమ్మని ఇవాళ అంట్లకి రావొద్దన్నాం. వీధి తలుపు వేసేశాం, తింటున్న భోక్తల మీద పరాయి చూపు పడకూడదు. ఇంటి నిండా మనుషులు, ఒక్క పెట్టె నీడలోకి జరిపే చెయ్యి లేదు. గంటల తరబడి కడిగి, తుడిచి, తడిపి, ఆరేసి, చివరికి మేమందరం ముట్టుకోగలిగేది ఒక్క గారెల పిండి.

ఫోను మోగింది. నడవ గూట్లో, మంత్రం మధ్యలో. పురోహితుడి గొంతు ఓ మెట్టు పైకెక్కింది, ఫోనుని మించిపోవాలని. ప్రకాషే అయుంటాడు. వీధిలో కారాపుకుని మూసిన తలుపు చూస్తూ నిలబడి ఉంటాడు, తద్దినం ఇల్లు, లోపలికి రాకు, ఫోను చెయ్యి, అని నేనే చెప్పాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మధురపూడి నుంచి విమానం వెళ్ళేలోగా పెట్టె అక్కడుండాలి, దారిలో రావులపాలెం దగ్గర ఎప్పుడూ బళ్ళు ఆగిపోతాయి. నాయనా, గోడ దూకి రా, పెట్టె ఎత్తుకుపో, దొంగలా ఎత్తుకుపో, ఏ పాపం వచ్చినా నాకే రానీ. వాడు మంచివాడు, రాడు. చెప్పిన మాట వినేవాళ్ళందరూ నాకే దొరుకుతారు. మూడోసారి మోగలేదు. వెళ్ళిపోయాడా, వెళ్ళిపోతే చెప్పకుండా వెళ్తాడా, చెప్దామన్నా ఎత్తేదెవరు.

గారెలు పట్రా అని నాగసాయి సైగ, పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఇద్దరు భోక్తలు, రెండు ఆకులు, చినభోక్త గారిది అయిపోవచ్చింది, పెదభోక్త గారు ఇంకా కాకరకాయ కూర దగ్గరే ఉన్నారు. నెమ్మది మనిషి. నములుతారు, ఆలోచిస్తారు, మళ్ళీ నములుతారు. తినేటప్పుడు మాట్లాడరు, ఇది బాగుంది అది బాగుంది అనరు, కావాలంటే చేత్తో చూపిస్తారు అంతే. చూపించారు, గారె వైపు. వేశాను. ఇంకోటి. వేశాను. అల్లప్పచ్చడి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడుట ఒకడు. ఛ, ఆయన్నేమైనా అనడానికి నాకు నోరెలా వస్తోంది, ఈ పూట ఆయన ఆయన కారు, మావయ్యగారు. మావయ్యగారికి గారెలంటే ఇష్టం, అల్లప్పచ్చడంటే ప్రాణం. ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ రెండోసారి అడిగి వేయించుకోలేదు, మొహమాటం. ఇప్పుడు అడుగుతున్నారేమో. పెట్టవే పిచ్చిదానా, పెట్టు. ఇంకో గారె నేనే వేశాను, కళ్ళు మండుతున్నాయి, పొగ అనుకుంటారులే.

తినండి మావయ్యగారూ, తినండి, కానీ కొంచెం త్వరగా తినండి. మీరుంటే నాతో ఏమనేవారో నాకు తెలుసు అనుకుంటూ ఉంటాను, పెట్టె తియ్యవే అనేవారు అని. నిజంగా అనేవారా. నలభై ఏళ్ళు ఇంటింటికీ వెళ్ళి తద్దినాలు పెట్టించిన మనిషి, కొంగు ఇంత తగిలి మడి పోయిందని రెండోసారి వండించిన మనిషి. అరుగు మీద ఒక మాట, పీట మీద ఒక మాట. పోయినవాళ్ళ నోట్లో మనకి కావలసిన మాట పెట్టుకోవడం ఎంత సులువో. ఈ రెండేళ్ళూ అదే చేశాను. ఆయనకి నా పని అర్థమైంది అనుకోవడం మీద బతికాను, ఇంట్లో ఇంకెవరికీ అక్కర్లేకపోయినా. ఆయన అర్థం చేసుకున్నది పనినా, కోడలు చిన్నబుచ్చుకోకూడదని నాలుగు మంచి మాటలన్నారా, ఇప్పుడెవరినడగను. ఎదురుగా ఆయన రూపంలో కూర్చున్నాయన పెరుగు కోసం చెయ్యి చాపారు.

పెరుగు కోసం వంటింట్లోకి వచ్చి అలవాటుగా కిటికీలోంచి చూశాను. పెట్టె మూల కనపడలేదు. వంగి చూశాను, మునివేళ్ళ మీద లేచి చూశాను. ఎండ ఉంది, వసారా ఉంది, పెట్టె లేదు. అక్కడేదో తడి మెరుస్తోంది. కుక్క లాక్కుపోయిందా, టేపు వేసిన పెట్టెని కుక్కెలా లాగుతుంది. ప్రకాష్ నిజంగా గోడ దూకాడా. అంతలో పెరట్లో నూతి దగ్గర చేద దిగిన చప్పుడు, కప్పీ కీచుమంది, దభదభా నీళ్ళు. అత్తయ్యగారు స్నానం చేస్తున్నారు. ఇప్పుడు! భోక్తల ఆకుల్లో పెరుగు పడని వేళ, ఇక్కడ నేను ఒక్క చేత్తో అన్నీ అందిస్తుంటే, ఆవిడకి తలంటు. ఏమి తాకిందో, కాకి రెట్ట వేసిందో, గాలికి ఏ ఎంగిలాకు ఎగిరొచ్చి మీద పడిందో. ఆవిడ మడి ఆవిడకి కావాలి. పెట్టె పోయినా, నేను పోయినా, ముందు ఆవిడ తల మీద నీళ్ళు పడాలి. ఇన్నేళ్ళుగా ఆ చేద చప్పుడు వింటున్నాను, ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. అసహ్యం అనే అన్నాను, అవును. పెరుగు తీసుకుని వెళ్ళిపోయాను.

తర్వాత ఏం వడ్డించానో నాకు తెలీదు. పరమాన్నం రెండుసార్లు వేశానేమో. మనసంతా వసారా చివర తడి మరక మీదే ఉంది. తడి అంటే కరిగిందా. డ్రై ఐస్ కరిగి నీరవదు కదా, గాలై పోతుంది, పిల్లలకి పాఠం చెప్పే మనిషిని, తెలుసు. మరి తడెక్కడిది. తెలిసినదాంతో ధైర్యం రాలేదు. నాగసాయి చేతులు జోడించి, తృప్తులయ్యారా అని సంస్కృతంలో అడిగాడు, తృప్తులమయ్యాం అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. చేతులు కడుక్కున్నారు, తాంబూలాలు పుచ్చుకున్నారు, పెదభోక్త గారు నా వైపు తిరిగి ఏదో ఆశీర్వచనం చెప్పారు, వంగాను. వాళ్ళు గడప దిగగానే వసారాలోకి పరిగెత్తాను.

అత్తయ్యగారు అక్కడే ఉన్నారు, స్తంభానికి ఆనుకుని కింద కూర్చుని, ఒంటినిండా తడిబట్ట, జుట్టులోంచి నీళ్ళు గచ్చు మీద కారుతున్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఉపవాసం ఒంటి మీద రెండో స్నానం. నన్ను చూసి, లేవబోయి, లేవలేక, ఇచ్చేసేనే అన్నారు. ఎవరికండీ అన్నాను. ఆ కారబ్బాయికి. ఫోను ఊరికే మోగుతోంది, దొడ్డి గుమ్మం తీసి పిలిచేను, పాపం ఎండలో నించున్నాడు, పెట్టె చేతిలో పెట్టి పంపించేసేను, ఈపాటికి ఏటి వంతెన దాటేసుంటాడు. మీరు ముట్టుకున్నారా అన్నాను. ముట్టుకోకపోతే అదే నడిచెళ్తుందా అన్నారు, అందుకే కదా మళ్ళీ తలారా పోసుకున్నాను.

నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. నూతి దగ్గర చేద చప్పుడు వింటూ నేననుకున్న మాటలన్నీ నోట్లో చేదుగా తగిలాయి. పెట్టె వెళ్ళింది. చేరుతుంది. రేపు పొద్దున్న యంత్రం దాన్ని తూస్తుంది. ఆవిడ పక్కన చతికిలబడి, అత్తయ్యగారూ, అందులో ఉన్నవి ఏమిటో మీకు తెలుసాండి అన్నాను, చెప్పేయాలనే అన్నాను, ఇంక దాచలేక. ఆవిడ చీర కొంగు పిండుకుంటూ నా వైపు చూడకుండా, పీత కళ్ళు అన్నారు. మీ మావయ్యగారు ఎప్పుడో చెప్పేరు, నా దగ్గర ఆయన దాచేదేమిటి. నువ్వు వాటి మీద ప్రాణం పెట్టుకున్నావనీ చెప్పేరు. అందుకే వెళ్ళేను. ఇంకెవరిదో అయితే ఆయన తద్దినం పూట ముట్టుకునేదాన్నా. ఆపైన ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేశారు, మంచులా ఉంది ఆ చెయ్యి.

“భయపడిపోయేననుకో. దగ్గరకెళ్ళేసరికి మూత సందుల్లోంచి తెల్లగా పొగలు వస్తున్నాయే. ఎండకి అంటుకుంది కాబోలు అనుకున్నాను. టేపు ఊడపీకి రెండు చెంబులు నీళ్ళు పోసేను. అబ్బ, ఎంత పొగ లేచిందనుకున్నావు! బుసబుసా పొంగి, ఆరింది. ఇంక పర్వాలేదు.”

పొగ. పొగ వస్తోందంటే డ్రై ఐస్ ఉన్నట్టే. ఎండలో కూడా, అంతసేపూ, ఉంది. గొట్టాలు రాళ్ళలా ఉన్నాయి, నేను గారెలు మాడ్చుకుంటూ, భోక్తల్ని తిట్టుకుంటూ, ఈవిడని తిట్టుకుంటూ ఉన్నంతసేపూ వాటికేమీ కాలేదు. రెండు చెంబుల నూతి నీళ్ళు పడేదాకా ఏమీ కాలేదు. నీళ్ళు పడ్డాక కరిగి, మిగిలిన చలికి మళ్ళీ గడ్డకట్టి, ఇప్పుడు కారు డిక్కీలో మళ్ళీ కరుగుతున్నాయి. కరిగి గడ్డకట్టి కరగడం, అంతకన్నా చెడ్డది లేదు. పోయింది. గంగబాబు గోనె కప్పి దాచిన పీతలన్నీ, సురేష్ క్యాను, వచ్చే నెల, యంత్రం, ఆ గీత, అంతా పోయింది. పోయిందండి అని నోటి దాకా వచ్చింది, వచ్చేసింది కూడానేమో, నీళ్ళు పోశారా, నీళ్ళు ఎందుకు పోశారండి అన్నాను. ఆవిడ నా మొహం చూసి తెల్లబోయారు. తర్వాత, చంటిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

“నీళ్ళలో పుట్టినవి, నీళ్ళలో పెరిగినవి. నీళ్ళు పోస్తే వాటికేమవుతుందే?”

జవాబుంది నా దగ్గర. ఎంజైముల గురించి, గడ్డకట్టిన కణం పగలడం గురించి, గంట పాఠం చెప్పగలను. ఆవిడ కొంగు రెండో కొస పట్టుకుని పిండాను. అంతలో నడవ గూట్లో ఫోను మోగింది. నేను మడిలోనే ఉన్నాను, పిండాలు ఇంకా నిమజ్జనం కాలేదు, ఇంట్లో ఎవరం ఎంగిలి పడలేదు. అత్తయ్యగారు గోడ పట్టుకుని లేచి, తియ్యవే పర్వాలేదు, మళ్ళీ నీళ్ళు పోసుకుందువుగాని, నేను చేద తోడతాను అన్నారు. వెళ్ళి తీశాను. ప్రకాష్. ఏటి వంతెన అవతల కారాపాడట, డిక్కీ నిండా నీళ్ళు కారిపోతున్నాయండీ మేడం గారూ, లోపల మంచేమీ ఉన్నట్టు లేదు, గొట్టాలు తేలుతున్నాయి, ఏం చెయ్యమంటారండి, వెనక్కి తెచ్చెయ్యమంటారా అన్నాడు.

వెనక్కి తెచ్చెయ్యి అనాలి. అదే సరైన మాట. పాడైన నమూనా పంపకూడదు, మొదటి పాఠం అది. నోరు తెరిచాను. అత్తయ్యగారు నడవ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, చలికి రెండు చేతులూ గుండెలకి ముడుచుకుని, జుట్టు కొస నుంచి చుక్కచుక్కా నీళ్ళు, ఏమిటంటున్నాడే, జాగ్రత్తగానే ఉందిటా అని కళ్ళతోనే అడుగుతున్నారు. మావయ్యగారు పోయాక ఈ రెండేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అంత ఆశగా అడగలేదు. ఆయ్, మేడం గారూ, వినపడుతోందాండి అంటున్నాడు ప్రకాష్. నేను ఆవిడ వైపు చూసి తల ఊపాను.

“వెళ్ళు ప్రకాష్,” అన్నాను. “జాగ్రత్తగా తీసుకెళ్ళు. ఎండ తగలనివ్వకు.”